బొచ్చు లేని కుక్కకి ఉత్తరాంధ్ర కూడు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒంటిమీద బొచ్చు లేని కుక్కని గొలుసు పట్టి వీధిలోకి తెస్తే, ఎదురుపడ్డవాళ్లు ముందు అడిగే మాట ఒకటే: గజ్జి పట్టిందా అని. ఆ అనుమానంలో తప్పేం లేదు. ఈ ప్రాంతంలో బొచ్చు ఊడి కనిపించే కుక్కలు దాదాపు అన్నీ చర్మంలో పురుగు చేరినవో, తిండి చాలనివో, ఆ రెండూ ఒకేసారి మీదపడ్డవో. పుట్టుకతోనే బొచ్చు లేని జాతి కుక్కలు ఇక్కడ బహు అరుదు. అలాంటి కుక్కని తెచ్చుకోవాలనుకునేవాళ్లకి వినబడే సలహాలు కూడా సబ్బులు, లోషన్లు, నూనెల చుట్టూనే తిరుగుతాయి. పళ్లెంలో ఏముండాలన్నది చివరికెప్పుడో వస్తుంది.

అది ముందు రావలసిన ప్రశ్న. చర్మం లోపలి నుంచి తయారయ్యేది. బొచ్చున్న కుక్కలో తిండి లోపం చాలాకాలం బొచ్చు చాటున ఉండిపోతుంది. బొచ్చు లేని కుక్కలో అదే లోపం పొట్టుగా, పగుళ్లుగా, మొటిమలుగా త్వరగా బయటపడుతుంది. అందుకే ఈ జాతులకి ఏం పెట్టాలని వెతుకుతూ పోతే, ఉత్తరాంధ్రలో మామూలు పెంపుడు కుక్కల పళ్లాల్లో రోజూ ఏం తక్కువవుతోందో కూడా తేలిపోతుంది.

ముందు ఈ జాతుల సంగతి. మెక్సికోకి చెందిన షోలో, పెరూ దేశపు బొచ్చులేని కుక్క, చైనీస్ క్రెస్టెడ్ అనే మూడూ ప్రపంచంలో పేరున్నవి. పెరూ ప్రభుత్వం 2001లో తమ కుక్కని జాతీయ వారసత్వంగా ప్రకటించింది. షోలోని 2017లో వచ్చిన ‘కోకో’ అనే యానిమేషన్ సినిమాలో పిల్లలందరూ చూశారు. ఈ మూడు జాతులకీ బొచ్చు లేకపోవడానికి కారణం ఒకే జన్యువు. ఫాక్స్‌ఐ3 అనే ఆ జన్యువులో చిన్న ముక్క ఒకటి రెండుసార్లు రాయబడి ఉందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్ల బతకదు. ఒక్కరి నుంచి వస్తే బొచ్చు పోతుంది, దానితోపాటు పళ్లూ తగ్గుతాయి. ముఖ్యంగా దవడ పక్కల ఉండే ముందరి నమిలే పళ్లు చాలా కుక్కలకి రానే రావు. కోరపళ్లు కొన్నిటిలో ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. అమెరికన్ హెయిర్‌లెస్ టెరియర్ అనే నాలుగో జాతిది వేరే జన్యువు, దాని పళ్లు నిండుగానే ఉంటాయి.

తిండి గురించి మాట్లాడేటప్పుడు ఈ పళ్ల సంగతి తప్పక గుర్తుండాలి. గట్టి గుళికల మేత, ఎముక, ఎండిన చేప ముక్క ఇలాంటివి ఈ కుక్కల్లో కొన్ని నమలలేవు, మింగేస్తాయి. మింగింది గొంతులో అడ్డం పడుతుంది, లేదా అరగక బయటికొస్తుంది. యజమాని చూసి తిండి నచ్చలేదనుకుంటాడు. గుళికలు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పెట్టడం, ఇంటి తిండైతే చేత్తో మెత్తగా మెదిపి పెట్టడం ఈ జాతులకి గారాబం కింద రాదు, అవసరం.

బొచ్చు లేదు కాబట్టి ఇవి సున్నితమైనవి, మాంసం తప్ప ఏదీ పడదు అనేవాళ్లున్నారు. చరిత్ర ఆ మాటని సమర్థించదు. ప్రాచీన మెక్సికోలో, మధ్య అమెరికాలో తవ్వకాల్లో దొరికిన కుక్కల ఎముకల్ని పరీక్షిస్తే, అవి మనుషుల ఇళ్లలోంచి వచ్చిన మొక్కజొన్న మీద చాలావరకు బతికినట్టు ఆనవాళ్లు దొరికాయి. పశ్చిమ మెక్సికోలోని కొలిమా ప్రాంతంలో సుమారు రెండు వేల ఏళ్ల నాటి సమాధుల్లో దొరికిన బొద్దు కుక్కల మట్టి బొమ్మలు బొచ్చులేని కుక్కలవేనని చాలామంది అభిప్రాయం. అక్కడ మొక్కజొన్న ఎలాగో ఇక్కడ వరన్నం అలాగ. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని జన్యువుల వైపు నుంచి వివరించింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైముకి సంబంధించిన జన్యువు తోడేలులో రెండే ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉంటాయి. వేల ఏళ్లుగా మనిషి పెట్టిన కూడు తిని కుక్క ఒళ్లు ఇలా మారింది. కనుక కుక్కకి అన్నం పెట్టకూడదన్న మాట పూర్తిగా నిజం కాదు. అన్నంతో సరిపెట్టకూడదన్నది మాత్రం నిజం.

ఎందుకు సరిపెట్టకూడదో లెక్క వేసి చూడవచ్చు. చైనీస్ క్రెస్టెడ్ లాంటి 5 కిలోల కుక్కకి, వయసొచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినదైతే, రోజుకి సుమారు 375 కిలో కేలరీలు కావాలి. ఉడికిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలు, రెండున్నర గ్రాముల పైచిలుకు ప్రొటీన్ ఇస్తుంది. అంటే 290 గ్రాముల అన్నంతో పొట్ట నిండుతుంది, శక్తి లెక్కా సరిపోతుంది. ప్రొటీన్ మాత్రం 8 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో మేతల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ లెక్క ప్రకారం అంత తిండికి కనీసం 17 గ్రాములుండాలి. సగం కూడా లేదు. కుక్క కడుపునిండా తింటుంది, తోక ఊపుతుంది, ఒళ్లు మాత్రం లోపల్లోపల తరుగుతుంటుంది.

చర్మం, వెంట్రుకల తయారీకే రోజువారీ ప్రొటీన్‌లో దాదాపు పాతిక, ముప్ఫై శాతం ఖర్చవుతుందని పశువైద్య పుస్తకాలు చెబుతాయి. బొచ్చు పెంచుకునే పని లేదు కాబట్టి ఈ జాతులకి ప్రొటీన్ తక్కువ చాలుననిపించవచ్చు. అలా తగ్గించడం తెలివైన పని కాదు. ఎండకీ, గోకుడికీ, దోమకాటుకీ నేరుగా ఎదురుపడే చర్మం తనను తాను నిత్యం బాగుచేసుకుంటూ ఉండాలి. దాని ముడిసరుకు అదే ప్రొటీన్.

అన్నం తర్వాత ఈ జిల్లాల కుక్కలకి ఎక్కువగా అందేది చోడి. చోడంబలి, చోడి జావ, మిగిలిన చోడి ముద్ద. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు కొండ ఊళ్లలో మనుషులకీ వాళ్ల చేలు కాసే కుక్కలకీ ఇదే ఆధారం. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం చోడిలో ఎన్నో రకాలు విడుదల చేసింది. 100 గ్రాముల చోడి పిండిలో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో ఇంత కాల్షియం ఉన్నది మరోటి లేదు. పిల్ల ఎముకలకి మంచిదని పట్టణాల్లో కూడా కుక్కపిల్లలకి చోడి జావ పట్టడం ఈ నమ్మకంతోనే.

అయితే చోడికి ఇంకో ముఖం ఉంది. చోడి పైపొరలో ఫైటేట్లు ఎక్కువ. ఇవి పేగులోనే జింక్‌ని పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. చర్మానికి జింక్ ప్రాణాధారం. తృణధాన్యాలే ఎక్కువగా పెట్టి, పైన కాల్షియం మందు కూడా జోడించిన కుక్కపిల్లల్లో జింక్ లోపంతో వచ్చే చర్మవ్యాధి పశువైద్యంలో ఎప్పట్నుంచో తెలిసినదే. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ, మోచేతుల మీద, పాదాల కింద మందంగా చెక్కుకట్టి పగులుతుంది. చూసినవాళ్లు గజ్జి అనుకుంటారు. గజ్జి మందు పనిచెయ్యదు. కాల్షియం సీసా ఇంకాస్త పోస్తారు, జబ్బు ఇంకాస్త ముదురుతుంది. పిల్ల మీద ప్రేమతో చేసే పనే పిల్లకి కీడు చేస్తుందంటే మనసుకి కష్టంగానే ఉంటుంది, కానీ ఇది తెలుసుకోవలసిన సంగతి.

చోడి మానెయ్యమని దీనర్థం కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన చోడి పిండిలో ఫైటేట్లు తగ్గుతాయి. రాత్రి నానబెట్టి పులియబెట్టిన అంబలిలోనూ తగ్గుతాయి. ఉత్తరాంధ్ర ఇళ్లలో అమ్మమ్మలు మనుషుల కోసం చేసిన పద్ధతి కుక్కకీ పనికొస్తుంది. దాని పక్కన గుడ్డో, చేపో, మాంసమో ఉంటే జింక్ అందుతుంది. అంబలి పలచగా ఉంటుంది కాబట్టి దానితో పొట్ట నింపితే ఒంటికి చేరే సారం తక్కువ. ఎండాకాలంలో మధ్యాహ్నం దాహం తీర్చే పానీయంగా వాడుకుంటే ప్రయోజనం ఎక్కువ.

చేపల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకుంది. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం మొదలుకుని పొడవునా వేటపల్లెలే. ఖరీదైన వంజరం, పండుగొప్ప కుక్క కోసం కొనక్కర్లేదు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపల్లోనే చర్మపు మంటని తగ్గించే ఒమేగా-3 కొవ్వులు, మంచి ప్రొటీన్, డి విటమిన్ కూడి ఉంటాయి. పంటి బాధ ఉన్న బొచ్చులేని కుక్కకి వీటి మెత్తదనం కూడా సాయమే. ఉడికించి, వేళ్లతో చిదిమి, పొడుచుకునే ముళ్లు ఏరేసి పెట్టాలి. పచ్చివి పెట్టకూడదు. ఈ కోవకు చెందిన చేపల్లో థయామిన్ అనే బి1 విటమిన్‌ని పాడుచేసే ఎంజైము ఉంటుంది. వేడి తగిలితే అది పోతుంది. పచ్చి చేపలతో సాకిన జంతువుల్లో నరాల జబ్బులు రావడం ఇందువల్లనే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు తాజా చేప తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అప్పుడు చాలామంది ఎండుచేపల వైపు తిరుగుతారు. ఉప్పు పట్టించి ఎండబెట్టినవి నేరుగా పెడితే కుక్క దాహంతో అల్లాడుతుంది. మండు వేసవిలో అది చిన్న సంగతి కాదు. రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి కొంచెమే పెట్టవచ్చు. ఆ నెలల్లో గుడ్డు మీద ఆధారపడటం మరింత సులువు. ఒక్క గుడ్డులో ఆరేడు గ్రాముల ప్రొటీన్, 70 కేలరీల పైన ఉంటాయి.

శాకాహార ఇళ్లలో పెరుగన్నమే కుక్క భోజనం. పెరుగు చాలా కుక్కలకి పాలకంటే బాగా అరుగుతుంది, కానీ 100 గ్రాముల పెరుగులో ప్రొటీన్ మూడు గ్రాముల చుట్టే. ఉడికించిన కందిపప్పు, పెసరపప్పు, నానబెట్టి ఉడికించిన మీల్ మేకర్, పనీర్ కలిపితే లెక్క మెరుగవుతుంది. గుడ్డుకి ఇల్లు ఒప్పుకుంటే పని చాలా తేలిక. ఒప్పుకోకపోతే పూర్తి పోషకాలు లెక్కగట్టి తయారుచేసిన మేత కొనడమే మేలు. కుక్క శాకాహారిగా బతకగలదు. పెరుగన్నం మీద మాత్రం బాగా బతకలేదు.

నూనె దగ్గర ఉద్దానం గుర్తొస్తుంది. కొబ్బరి, జీడి, పనస తోటల నేల అది. కుక్క ఒంటికి ఏమొచ్చినా కొబ్బరినూనె రాయడం, రెండు చెంచాలు తిండిలో పొయ్యడం అక్కడ సహజం. కుక్క చర్మం నీటిని నిలుపుకోవడానికి లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు కావాలి, దాన్ని కుక్క ఒళ్లు స్వయంగా తయారుచేసుకోలేదు. కొబ్బరినూనెలో అది రెండు శాతం దగ్గరే ఉంటుంది. నువ్వులనూనెలో నలభై శాతం దాకా, పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా అంతకన్నా ఎక్కువ ఉంటుంది. 5 కిలోల కుక్కకి రోజుకి సుమారు ఒక గ్రాము లినోలిక్ ఆమ్లం చాలు. అంటే ఒక చిన్న చెంచాడు నువ్వులనూనె అన్నంలో కలిపితే సరిపోయి ఇంకా మిగులుతుంది. అంతకు మించితే కేలరీలు పెరిగి ఒళ్లు వస్తుంది, విరేచనాలూ కావచ్చు. పైపూతగా కూడా చిక్కటి నూనె ఈ జాతులకి అంతగా నప్పదు. వీటి చర్మరంధ్రాలు పూడిపోయి నల్లటి మొటిమలు రావడం మామూలు, నూనె జిడ్డు వాటిని పెంచుతుంది. పైగా రాసింది రాసినట్టు నాకేస్తాయి. కొన్ని ఊళ్లలో గజ్జికి బండి ఇంజను పాత నూనె పూసే అలవాటు ఇంకా ఉంది. అది విషం. ఏ కుక్కకీ పూయకూడదు.

ఎండ పుష్కలంగా ఉంది, బొచ్చు కూడా అడ్డం లేదు, డి విటమిన్‌కి కొదవేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కుక్క చర్మం మనిషి చర్మంలా పనిచెయ్యదు. ఎండ తగిలినప్పుడు డి విటమిన్‌గా మారవలసిన పదార్థం కుక్క చర్మంలో చాలినంత నిలవదు. కుక్క ఎంతసేపు ఎండలో పడుకున్నా తన అవసరం తీర్చుకోలేదు, తిండిలోంచే రావాలి. గుడ్డు పచ్చసొన, కొవ్వున్న చేప, కార్జం దాని వనరులు. ఎండ మాత్రం బొచ్చులేని ఒంటిని నిజంగానే కాలుస్తుంది. లేత రంగు చర్మం ఉన్నవాటికి మరీ ప్రమాదం. వేసవిలో పొద్దు పొడవకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తిండి పెట్టి, షికారు కూడా ఆ వేళలకే మార్చుకోవడం అన్నివిధాలా మంచిది.

కార్జం గురించి ఒక హెచ్చరిక. చికెన్ కొట్లో చవగ్గా దొరుకుతుంది, కుక్కలు ప్రాణం పెడతాయి. ఎ విటమిన్, జింక్, రాగి, ఇనుము అన్నీ ఉన్నాయి. రోజూ గిన్నెడు పెడితే ఆ ఎ విటమిన్ ఒంట్లో పేరుకుని ఎముకలకే ముప్పు తెస్తుంది. చిన్న జాతికి బొటనవేలు కొనంత ముక్క వారానికి రెండుసార్లు చాలు. కందనకాయలు, గుండెకాయ కొంచెం ఎక్కువ పెట్టినా ఇబ్బంది లేదు. ఉడికిన కోడి ఎముకలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అవి చీలికలై పేగుని గుచ్చుతాయి. ఆదివారం కూర తిన్న తర్వాత కంచాల్లోని ఎముకలు కుక్కకి వెయ్యడం తరతరాల అలవాటు కావచ్చు, మార్చుకోవలసిన అలవాట్లలో ఇది మొదటిది.

రెండోది పులుసు. ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. ఉత్తరాంధ్ర ఇంట్లో కుక్క కూడంటే చాలాసార్లు మిగిలిన అన్నంలో మిగిలిన పులుసో, చారో పోసి కలిపిందే. అందులో ఉల్లిపాయ ఉంటుంది, వెల్లుల్లి ఉంటుంది, చింతపండు ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని చితకొట్టి రక్తహీనత తెస్తాయి. వండినా ఆ గుణం పోదు. కుక్క బరువులో అర శాతం ఉల్లి ఒకేసారి ఒంట్లోకి వెళ్తే ప్రమాదమని పశువైద్య లెక్క. 5 కిలోల కుక్కకి అది 25 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం. పాతిక కిలోల ఊరకుక్క తట్టుకునే పులుసు అయిదు కిలోల కుక్కకి తట్టదు.

చింతపండు సంగతి కొత్తగా తెలిసింది. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకి మూత్రపిండాలు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలుసు, ఎందుకో తెలియదు. 2022లో వచ్చిన ఒక పశువైద్య పరిశోధన పత్రం, కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే తరహాలో మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాల్ని వివరించింది. మూడింటిలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం, చింతపండు పులుపుకి ముఖ్య కారణం అదే. విషం ఆ ఆమ్లమే అయ్యుండాలని ఆ పత్రం ప్రతిపాదన. పలచటి చారు చుక్కకే కుక్క పడిపోతుందని దీనర్థం కాదు. ఏళ్ల తరబడి పులుసన్నం తిని తిరుగుతున్న కుక్కలు వీధివీధినా ఉన్నాయి. అయితే ద్రాక్ష విషయంలో ఏ కుక్క ఎంతకి తట్టుకుంటుందో ముందుగా చెప్పడం ఎవరివల్లా కాలేదు. చింతపండు కూడా ఆ కోవలోనే ఉందనుకుని దూరం పెట్టడమే భద్రం. మూత్రపిండాల జబ్బులతో మనుషులు బాధపడే ఉద్దానం ఉన్న ఈ ప్రాంతానికి ఆ మాట ఎంత బరువైనదో చెప్పనక్కర్లేదు. మనుషుల ఆ వ్యథ వేరు, ఈ కుక్కల సంగతి వేరు. పోపు పెట్టకముందే, పులుసు పొయ్యకముందే కుక్కకి రెండు గరిటెల అన్నం, పప్పు పక్కకి తీసి ఉంచితే చాలు, పైసా ఖర్చు లేదు.

పలాస, కాశీబుగ్గ వైపు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అక్కడ జీడి పిక్కల పెంకులు కుప్పలుగా పడుంటాయి. పెంకులోని నూనె మనుషుల చేతుల్ని కాల్చి పుండ్లు చేస్తుందని పిక్కలు ఒలిచే ఆడవాళ్లందరికీ తెలుసు. బొచ్చు రక్షణ లేని కుక్క ఆ కుప్పల మీద దొర్లకుండా, పెంకులు నోట పెట్టకుండా చూడాలి. వేపిన జీడిపప్పు విషం కాదు, కానీ అందులో దాదాపు సగం కొవ్వే. ఒకటి రెండు పలుకులు చాలు, ఉప్పు కారం పట్టించినవి అసలు వద్దు. విజయనగరం మామిడి కాలంలో గుజ్జు కొంచెం పెట్టవచ్చు. టెంక మాత్రం అందకూడదు, పేగులో ఇరుక్కుంటే కడుపు కోసి తియ్యవలసిందే. టీ కొట్టు బిస్కెట్లు రోజూ వేస్తే చక్కెర, పిండి తప్ప చేరేదేం లేదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని జైలిటాల్ నిజమైన విషాలు.

ఇంత తంటా ఎందుకు, సంచి మేత కొనేస్తే పోదా అని అడిగేవాళ్ల మాటలో న్యాయముంది. అన్ని పోషకాలూ సమంగా ఉన్నాయని సంచి మీద రాసి ఉన్న మంచి మేత, ఇష్టం వచ్చినట్టు వండిన ఇంటి తిండికంటే నయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పశువైద్యులు 2013లో కుక్కల కోసం పుస్తకాల్లో, ఇతర చోట్ల దొరికే 200 ఇంటి వంటకాల్ని పరీక్షిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్య పోషకం చాలలేదు. పశువైద్యులు రాసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఎక్కువగా లోపించినవాటిలో జింక్ ఒకటి.

సంచి మేతకి ఈ తీరంలో శత్రువు తేమ. కొట్లో పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన లూజుగా అమ్మే మేతలో కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్లు నశిస్తాయి, బూజు పడుతుంది. వేరుశనగ పిండి, మొక్కజొన్న మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే కాలేయ విషాన్ని వదులుతుంది. అమెరికాలో 2020 డిసెంబరులో ఒక కంపెనీ మేతలో ఈ విషం చేరి వందకి పైగా కుక్కలు చనిపోయినట్టు నమోదైంది. అక్కడ అంత పరీక్షల వ్యవస్థ ఉండి కూడా జరిగింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటిన రోజులు చూసినవాళ్లకి, వానాకాలంలో ఇంట్లో గింజ ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసు. నెలలో అయిపోయే చిన్న సంచి, సీలు ఉన్నది కొని, ఆ సంచితోనే మూత బిగుతైన డబ్బాలో పెట్టుకోవాలి. తడిసిన మేత ఎండబెట్టి వాడకూడదు, ఎండ ఆ విషాన్ని పూర్తిగా పోగొట్టదు.

ఇంటి తిండే పెట్టాలనుకునేవాళ్లకి 5 కిలోల కుక్క రోజు భోజనం ఇలా ఉంటే బాగుంటుంది: ఉడికిన అన్నం 130 గ్రాములు, ముళ్లు తీసిన చేపో ఎముక లేని కోడిమాంసమో 80 గ్రాములు, ఉడికిన గుడ్డు సగం, చెంచాడు నువ్వులనూనె, గుమ్మడికాయో చిక్కుడుకాయో కేరెట్టో గుప్పెడు. ఉప్పు చిటికెడు చాలు, కారం వద్దు. కాల్షియం కోసం గుడ్డు పెంకు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా నూరిన పొడి పావు చెంచాడు. ఇందులో ప్రొటీన్ 20 గ్రాములు దాటుతుంది. అయినా జింక్, ఇ విటమిన్, అయోడిన్ పూర్తిగా అందవు. అందుకే పశువైద్యుడు సూచించిన ఖనిజాల, విటమిన్ల పొడి ఒకటి తోడుండాలి. పశువులకి వాడే మినరల్ మిక్చర్ తెచ్చి వేస్తే కుదరదు, ఆవు అవసరం వేరు. పూర్తి సంచి మేత తింటున్న కుక్కకి ఈ పొడులేవీ, కాల్షియం కూడా, అక్కర్లేదు.

పిల్లల లెక్క వేరు. బొచ్చులేని చిన్న జాతి పిల్లలు ఒంటి వేడిని త్వరగా పోగొట్టుకుంటాయి, ఆకలి ఎక్కువసేపు ఆగితే రక్తంలో చక్కెర పడిపోయి వణికి సొమ్మసిల్లుతాయి. మూడు నెలలదాకా రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. పుష్య, మాఘ మాసాల చలిలో, అందులోనూ సాలూరు, పాచిపెంట కొండల పక్క, పెద్దవాటికి కూడా కూడు కాస్త పెంచి ఒంటికి గుడ్డ వెయ్యాలి. తీరంలో ఆ అవసరం అంతగా రాదు. ఎంత పెంచాలో తగ్గించాలో తెలియడానికి చేతివేళ్లు చాలు. డొక్కల మీద నిమిరితే ఎముకలు తెలియాలి, చూపుకి పొడుచుకు రాకూడదు. బొచ్చు లేదు కాబట్టి ఈ కుక్కల్లో దీన్ని చూడటం మరీ తేలిక.

సరైన తిండి పెట్టినా దురద ఆగకపోతే రెండు కారణాలు చూడాలి. పురుగు వల్ల వచ్చిన గజ్జి అయితే తిండి దాన్ని నయం చెయ్యదు. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూసి, సరైన మాత్ర వాడితే వారాల్లో తగ్గుతుంది. గజ్జిలో ఒక రకం మనుషులకీ అంటుతుంది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. తిండి పడకపోవడం రెండోది. 2016లో చేసిన ఒక సమీక్ష ప్రకారం కుక్కలకి ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడి, గోధుమ. చిన్నప్పట్నుంచీ కోడీ పెరుగన్నమూ తిన్న కుక్కకైతే, అది ఎన్నడూ తినని మాంసం ఒకటి, అన్నం తప్ప మరేదీ లేకుండా ఎనిమిది వారాలు పెట్టి చూస్తారు. ఈ ఎనిమిది వారాల్లో ఇంట్లో పిల్లలు చాటుగా వేసే ఒక్క బిస్కెట్టు మొత్తం పరీక్షని పాడుచేస్తుంది.

విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. అక్కడికైనా, దగ్గర్లోని పశువైద్యశాలకైనా కుక్కని తీసుకెళ్లేటప్పుడు రెండు వారాలుగా అది తిన్నదంతా, ఏ పూట ఎంత, ఎవరు వేశారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. మేత సంచి మీది ముద్రణ, వాడిన నూనె, కాల్షియం సీసా పేరు ఫోనులో ఫొటో తీసుకోవాలి. చర్మం చూసి డాక్టరు అడగబోయే మొదటి పది ప్రశ్నల్లో ఎక్కువ భాగం వీటి గురించే ఉంటాయి.